బొట్టు పెట్టి పిలిచిన మీటింగు

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉండాల్సింది. రాయలేకపోయాను. కారణం చిన్నదే: అప్పటికి నాకు అక్షరాలు రావు.

నాకు బడికి పోయే వయసు వచ్చినప్పుడు మా నాయన దగ్గర ఇద్దరు పిల్లలు, ఒక మంద గొర్రెలు, ఒక పలక ఉండేవి. మా నాయన న్యాయం తప్పే మనిషి కాదు. అన్నకు పలక, నాకు గొర్రెలు అని పంచాడు. అన్న ఆ పలకను తొందరలోనే పగలగొట్టాడు. నేను మాత్రం ఒక్క గొర్రెను కూడా పోగొట్టకుండా పెళ్ళయ్యేదాకా మేపాను. అది చూసి మెచ్చుకుని మా నాయన నన్ను ఇంకో మంద ఉన్న ఇంటికే ఇచ్చి పెళ్ళి చేశాడు.

అక్షరాలు వచ్చాక కూడా వెంటనే రాయలేదు. నేను ఒక వాక్యం ముగించేలోపు పొయ్యి మీద ఏదో ఒకటి పొంగేది. ఇప్పుడు చెయ్యి కాస్త తిరిగింది. రాసింది మా అత్తకు చదివి వినిపించాను. తన మాటలు తక్కువగా ఉన్నాయంది. కాబట్టి ఒకటి రెండు కలిపాను. అవి కూడా ఆమె అన్నవే.

ముదిగుబ్బ వైపు పోయే బస్సు దిగి, ఎర్రమట్టి దారిలో గుట్ట ఎక్కితే మా ఊరు వస్తుంది. గుట్ట మీద గాలిమరలు తిరుగుతుంటాయి. మాకు గాలికి కరువు లేదు, వానకే. ఊరి చివర బడి ఉంది. ఒక గది, ఒక వరండా, ఒక సారు, ఐదు తరగతులు. నేను అక్కడ పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతాను. అప్పుడు నా చిన్న కూతురు మూడో తరగతిలోకి వచ్చింది.

సారు కోస్తా నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి. మంచివాడు. ఇస్త్రీ మడత నలగకుండా రోజంతా నేల మీద కూర్చుని చెప్పగలడు. ఆయనకు ఉన్న కష్టమంతా మీటింగులతోనే. పిల్లల చదువులో తల్లిదండ్రులకూ భాగం ఉండాలి, వాళ్ళు బడికి రావాలి, చూడాలి, అడగాలి అని పైనుంచి ఆర్డరు. సారు అందరి ఫోన్లకూ మెసేజ్ పెట్టేవాడు. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టేవాడట. ఒక్కరూ వచ్చేవారు కాదు.

ఆ ఏడాది మొదటి మీటింగుకు వచ్చిన తల్లిని నేనొక్కదాన్నే. నిజానికి నేనూ రాలేదు, అక్కడే ఉన్నాను. వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. సారు ఖాళీ కుర్చీలకు నమస్కారం పెట్టి, "ప్రియమైన తల్లిదండ్రులారా" అని మొదలుపెట్టి ఉపన్యాసమంతా చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. చివర్లో, "మీకేమైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు.

నేను చేట కింద పెట్టి, "నూనె అయిపోయినాది సార్" అన్నాను.

తరువాత ఫోటో తీయాలన్నాడు. మీటింగు జరిగినట్టు పైకి పంపాలట. "అమ్మా, కొంచెం ముందు వరసలో కూర్చోండి" అన్నాడు. తీశాడు. "ఇప్పుడు రెండో వరసలో. తల మీద కొంగు వేసుకోండి." తీశాడు. "ఇప్పుడు ఆ మూల కుర్చీలో, అటు తిరిగి." అదీ తీశాడు. ఆఖరికి తన తువ్వాలు ఇచ్చి తలకు చుట్టుకోమన్నాడు. అది తండ్రి.

పై ఆఫీసరు తెలివైనవాడు. ఫోటోలు చూసి ఫోన్ చేశాడు. సారు ఫోను చెవిన పెట్టుకుని నిలబడే ఉన్నాడు, మొహం మాత్రం కూర్చున్నట్టు అయిపోయింది. "మీ ఊళ్ళో తల్లులందరూ ఒకే చీర కొన్నారా?" అని అడిగాడట ఆ ఆఫీసరు. వచ్చే మీటింగుకు తానే వస్తానన్నాడు. తల్లిదండ్రులకే అక్కర లేకపోతే ఇక్కడ ఇన్ని తరగతులు ఎందుకు, మూడు నుంచి ఐదు దాకా హైవే అవతలి ఊరి బడిలో కలిపేస్తాం అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన దొడ్డికి కంప అడ్డం పెడుతున్నాడు.

"హైవే అవతలికా? ఆ లారీల నడుమ ఆడపిల్లను పంపేది ల్యా" అన్నాడు. "నాకు మోకాళ్ళు సచ్చినాయి మే. బడి ఆడికి పోతే పాప గొర్రెలెంబడి పోతాది. ఏం, నువ్వు పోల్యా?"

నేను పోయాను. పాప పోకూడదని అనుకున్నదీ అందుకే. నా కూతురు దొడ్డి అరుగు మీద కూర్చుని ఒక గొర్రెపిల్లకు ఏడో ఎక్కం చెబుతూ ఉంది. గొర్రెపిల్ల శ్రద్ధగా వింటూ నోటుబుక్కు అంచు నములుతూ ఉంది. ఆ ఇంట్లో చదువు మీద అంత ఆసక్తి చూపిన ప్రాణి అప్పటికి అదొక్కటే.

మరుసటి రోజు సారు వంటగది గుమ్మంలో నిలబడి, "ఎందుకు రారమ్మా వీళ్ళు? పిల్లలంటే ప్రేమ లేదా?" అన్నాడు.

"ఎవురు పిలిచినారు సార్?" అన్నాను.

"మెసేజ్ పెట్టాను కదా."

"మెసేజ్ చూసుకొని పెండ్లికి పోతారా సార్ ఎవురన్నా?"

మా వైపు పిలుపంటే పిలుపే. ఇంటికి పోవాలి. గడప ముందు నిలబడాలి. ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి, చేతిలో వక్కాకు పెట్టి, ఫలానా రోజు రావాలని నోటితో చెప్పాలి. అట్లా పిలిస్తే పగవాడైనా వస్తాడు. పిలవకపోతే అన్న ఇంటి పెళ్ళికి తమ్ముడు పోడు, నడుమ ఒక్క గోడే ఉన్నా. గోడకు చెవి ఆనించి మేళం వింటాడు గానీ పోడు.

సారు గబగబా బయటికి పోయాడు. ఎక్కడినుంచో ఒక కుంకుమ భరిణె తెచ్చాడు.

ఇద్దరం బయలుదేరాం. నేను ముందు, పళ్ళెం పట్టుకుని సారు వెనక. మొదటి గడప దగ్గర బొట్టు పెట్టి, వక్కాకు ఇచ్చి, "బుధవారం పొద్దున బడి కాడికి ఇంటిల్లిపాదీ రావల్ల. పొయ్యి ముట్టియ్యాకండి" అన్నాను.

ఆ చివరి మాట ఎందుకు వచ్చిందంటే, అది దాని అలవాటు. పిలుపు మాటలు మంద లాంటివి. ముందుది కదిలితే వెనకవి అడగకుండానే వస్తాయి. నేను అంతవరకూ చేసిన పిలుపులన్నీ పెళ్ళిళ్ళవి, పుట్టువెంట్రుకలవి. మీటింగు పిలుపు అనేది మా ఊళ్ళో అప్పటికి పుట్టలేదు. పొయ్యి ముట్టించొద్దంటే ఆ పూట మీ ఇంటందరి భోజనమూ మాదే అని అర్థం. ఆ సంగతి నాకు తట్టనే లేదు. సారుకు అసలు తెలియదు. ఎండలు మండుతున్నాయి కదా, అగ్ని ప్రమాదాల గురించి జాగ్రత్త చెబుతున్నాననుకున్నాడట. అందుకని ప్రతి గడప దగ్గరా నా వెనకాలే, "అవునండీ, దయచేసి పొయ్యి ముట్టించకండి" అని ఒత్తి చెప్పాడు.

"ఏం కార్యం మే?" అని అందరూ అడిగారు.

"పిల్లోళ్ళ చదువు కార్యం" అన్నాను.

అట్లాంటి కార్యం ఎవరూ చూడలేదు. కానీ ఎవరూ ఆశ్చర్యపోలేదు కూడా. బెంగళూరికి పనికి పోయి వచ్చినవాళ్ళు ఈ మధ్య కేకు కోసేదీ, పసుపు ఫంక్షనూ తెచ్చారు. ఇదీ అట్లాంటిదే ఏదో దిగి ఉంటుందనుకున్నారు. మా అత్త మాత్రం రచ్చబండ దగ్గర తన మాట తాను చెప్పింది. "నాకు తెలుసులే. ఆ సారుకు పెండ్లి. సిగ్గుపడి చెప్పలేక కోడల్ని ఎంట తిప్పుకుంటాండాడు."

మా వీధిలోనే షామియానా, మైకు బాడిగకు ఇచ్చే భాయ్ ఒకాయన ఉన్నాడు. పెళ్ళయినా నిఖా అయినా ఎవరు ఏం కానుక పెట్టారో మైకులో చదివేది ఆయనే. ఆయన గొంతులో చెంబు కూడా బిందెలాగా వినిపిస్తుంది. దారిలో నన్ను ఆపి, "ఏమక్కా, ఊరంతా పిలుపు చేసినావు, మైకుకు చెప్పకపోతివి?" అన్నాడు.

"మీటింగే కద భాయ్. మైకు ఎందుకు?"

"బాగుండాది! మైకు లేకుంటే ఎవురేం పెట్టినారో ఊరికి ఎట్ల తెలుస్తాది? నా మనవరాలు గూడా ఆ బళ్ళోనే ఉండాది. బాడిగ మాట ఎత్తాకు" అన్నాడు.

'పెట్టేది' ఏమిటని నేను ఆగి అడిగి ఉంటే బాగుండేది. ఇంట్లో పాలు పొంగుతాయని పరుగెత్తాను.

బుధవారం పొద్దున్నే లేచి ముగ్గు వేస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. ఊరు మరీ నిశ్శబ్దంగా ఉంది. కోడి కూసింది, కుక్క మొరిగింది. కుక్కర్లు మాత్రం కూయలేదు. ఒక్క ఇంట్లో కూడా. ముగ్గుపిండి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ప్రతి గడప దగ్గరా నేనేమన్నానో.

బడికి పరుగెత్తేసరికి షామియానా లేచి ఉంది. జనం వస్తున్నారు. మగవాళ్ళు తెల్ల పంచెలు, ఆడవాళ్ళు పెట్టెల్లోంచి తీసిన చీరలు. వాటిలోంచి కర్పూరం గుళికల వాసన. ప్రతి చేతిలోనూ ఏదో ఒకటి: స్టీలు బిందె, తువ్వాలు, రవిక గుడ్డ, గోడ గడియారం. మడకశిర నుంచి చూడ్డానికి వచ్చిన చుట్టాలను కూడా ఒకాయన వెంట తెచ్చాడు. పాపం వాళ్ళ ఇంట్లో మాత్రం ఎవరు వండుతారు! సారు గేటు దగ్గర నిలబడి, "వచ్చారు, అందరూ వచ్చారు" అని సంతోషంగా నమస్కారాలు పెడుతున్నాడు. ఒకాయన ఆయన భుజాన కొత్త తువ్వాలు కప్పి చెవిలో, "పిల్లది యా ఊరు సార్?" అని అడిగాడు.

నేను సారును పక్కకు లాగి సంగతి చెప్పాను. ఆయన మొహంలోని సంతోషం నెమ్మదిగా దిగిపోయింది.

"అంటే వీళ్ళందరికీ భోజనం…"

"మనమే సార్."

"వంటగదిలో ఎంత బియ్యం ఉంది?"

"పిల్లోళ్ళకు సరిపోయేంత."

ఆ సమయంలోనే ఆఫీసరు జీపు వచ్చింది. ఆయన దిగి, షామియానా చూసి, మైకు చూసి, డ్రైవర్ని "ఇది కాదయ్యా, ఎవరిదో పెళ్ళి. బడి ఎక్కడో అడుగు" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే మా అత్త, "మగపెండ్లోళ్ళు వచ్చినారు!" అని కేక పెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు పోయి ఆయన మీద పన్నీరు చల్లారు. బొట్టు పెట్టి, మెడలో తువ్వాలు వేశారు. ఆయన చేతిలోని బ్యాగు మర్యాదగా తీసుకుని, ఆయన్ను మెత్త వేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన అద్దాలు తుడుచుకుంటూ సారును వెతుక్కున్నాడు.

"ఇది మీటింగేనా?"

"అవును సార్."

"మరి నా మీద పన్నీరు ఎందుకు చల్లారు?"

సారు ఏం చెప్పాడో నేను వినలేదు. వంటగదిలో ఖాళీ గుండిగను చూస్తూ నిలబడి ఉన్నాను. తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టాను. వాళ్ళలో ఎవరు విన్నారో తెలియదు గానీ, కొట్టు శెట్టి వచ్చాడు. ఊళ్ళో కిరాణా కొట్టు ఆయనదే. ఆయన కానుక బిందె కాదు, తువ్వాలు కాదు. ఆటోలోంచి మూటలు దింపించాడు. బొరుగులు (సారు వాళ్ళ వైపు మరమరాలు అంటారట), పుట్నాల పప్పు. "నాకు బిందెలు తెచ్చేది రాదమ్మా. కొట్లో ఉండేది తెచ్చినా" అన్నాడు.

ఇక చెప్పేదేముంది? ఉగ్గాని. బొరుగులు నానితే చాలు, మిగతాదంతా ఉల్లిగడ్డలూ మిరపకాయలూ చూసుకుంటాయి. ఆడవాళ్ళు కొందరు పట్టుచీరల కొంగులు దోపి ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చున్నారు. నానబెట్టడానికి పాత్రలు చాలలేదు. కానుకలుగా వచ్చిన బిందెలు దింపాం. ట్యాంకరు నీళ్ళు పోశాం. స్టిక్కర్లు కూడా తీయలేదు.

అయినా అంతమందికి తాలింపు వేసేదాకా పొద్దు పోవాలి కదా. సారు ఉపన్యాసం మొదలుపెట్టాడు. "ప్రియమైన తల్లిదండ్రులారా" అన్నాడు. ఒక ముసలాయన, "అదంతా తర్వాత నాయనా, ముందు కానుకలు చదివిచ్చు" అన్నాడు. భాయ్ మైకు అందుకున్నాడు.

"ట్యాంకు పక్కింటోళ్ళు… ఒక స్టీలు బిందె!" అని చదివి, ఆగాడు. అలవాటుగా పక్కకు చూశాడు. అక్కడ పెళ్ళికూతురు లేదు. పెళ్ళికొడుకు లేడు. "సార్, ఎవురికని చదవల్ల?"

సారు చుట్టూ చూసి, "పిల్లలకు" అన్నాడు.

"అయితే పిల్లోళ్ళ తరపు నుంచి వీళ్ళ చేతిలో ఏం పెడతారు?"

కానుక తీసుకుని వట్టి చేతులతో పంపడం మా ఊళ్ళో లేదు. ట్యాంకు పక్కింటి పాపను ముందుకు పిలిచారు. రెండో తరగతి పిల్ల. భాయ్ మైకు కిందికి వంచి, "మీ నాయనకు ఏం పెడతావు తల్లీ?" అన్నాడు. ఆ పాప తన చేతులు తిప్పి చూసుకుంది. ఏమీ లేవు. కాస్త ఆలోచించి, "రెండో ఎక్కం" అంది. అని, మొత్తం అప్పజెప్పింది.

భాయ్ గొంతు ఎత్తాడు. "ట్యాంకు పక్కింటోళ్ళ పాప! రెండో ఎక్కం! మొదలు నుంచి కడ దాకా, తప్పు ల్యాకుండా!"

మైకులో అది ఎంత పెద్దగా వినిపించిందంటే, గాలిమరల కింద మేస్తున్న మేకలు తలెత్తాయి. ఆ తండ్రి బిందె పెట్టినప్పుడు కూడా అంత గర్వంగా లేడు.

తరువాత వరస ఆగలేదు. ఒకరి కూతురు పద్యం పెట్టింది. ఒకరి కొడుకు తన పేరు ఇంగ్లీషులో పెట్టాడు. భాయ్ మనవరాలు వారాల పేర్లు చెప్పింది. గురువారం మరచిపోతే భాయే మైకు చేతిలో ఉందని కూడా చూడకుండా అందించాడు. నాలుగో తరగతి పిల్లవాడొకడు ఆరో ఎక్కం సగం చెప్పి ఆగిపోయాడు. భాయ్ న్యాయంగా, "సగం ఎక్కం!" అని చదివాడు.

వాళ్ళ నాయన లేచాడు. "ఏం భాయ్, గోడ గడియారం పెట్టినా నేను. నాకు సగం ఎక్కమా? మల్ల చదువు."

"ఇచ్చింది చదివినా అన్నా. కల్పించి చదివేవాణ్ణి కాదు నేను."

"నడి మైకులో సగం అంటే నేను ఊర్లో ఎట్ల తిరగల్ల? సార్, మిగతా సగం యాడుండాది?"

"మీ ఇంట్లోనే ఉందండీ" అన్నాడు సారు. "సాయంత్రం మీరు పక్కన కూర్చుని చెప్పించాలి."

"అది ముందే చెప్పల్ల కదప్పా!"

"మెసేజ్ పెట్టాను" అన్నాడు సారు, చాలా మెల్లగా.

అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వబోయి అద్దాలు తుడుచుకున్నాడు. అప్పుడు మా అత్త లేచి నడుము మీద చేతులు పెట్టుకుంది. "నవ్వుతారేంది? బిడ్డలు పెట్టినారు. తిరిగి పెట్టేది ల్యాదా? వచ్చినదానికంటే రవ్వంత ఎక్కువ పెట్టల్ల. యా ఊర్లో పుట్టినారు మీరు?"

ఆమె చెప్పింది నిజమే. కానుకకు తిరుగు కానుక ఉండాలి. ఒకసారి మైకులో చదివాక దాన్ని వెనక్కి తీసుకున్నవాడు మా ఊళ్ళో ఇంతవరకూ లేడు.  గడియారం ఆయన ముందుగా లేచి, "రోజూ దీపాల యాళకు నా కొడుకు కాడ కూర్చుంటా. నాకు ఎక్కం రాకపోయినా కూర్చుంటా" అన్నాడు. చదివేశారు. ఒకామె, "టీవీ సీరియలు కట్టేస్తా" అంది. వెనకనుంచి ఆడవాళ్ళు, "ఏడు గంటలదా, ఎనిమిదిదా?" అని అరిచారు. ఆమె ఆలోచించి, "ఏడుది. ఎనిమిదిదాంట్లో పెండ్లి జరుగుతాండాది" అంది. అదీ చదివేశారు. చెనక్కాయ పీకే కాలంలో పిల్లల్ని బడి మాన్పించేది లేదని ముగ్గురు నలుగురు ఒకేసారి పెట్టారు.

మా ఆయన వంతు వచ్చింది.

నేను తాలింపు ముందర ఉన్నాను. గంటె ఆపేశాను. మా ఆయన ఒక గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని వచ్చాడు, ఆ నోటుబుక్కు తిన్నదే. "ఒక గొర్రెపిల్ల!" అని భాయ్ చదివితే ఊరంతా ఓహో అంది. నా కూతురు ముందుకు వచ్చి ఏడో ఎక్కం మొదలుపెట్టింది. మొదటి మాట వినగానే గొర్రెపిల్ల గుర్తుపట్టినట్టు మే అంది. పాప ఆగలేదు. కడ దాకా చెప్పింది.

"తిరుగు కానుక ఏమన్నా?" అన్నాడు భాయ్.

"గొర్రెపిల్ల పెట్టినా కదా."

"అది తెచ్చింది రా" అంది మా అత్త, తన కొడుకుతో. "పాప పెట్టినాక పెట్టేది యేరే."

మా ఆయన అటూ ఇటూ చూశాడు. ఆఫీసరు చూస్తున్నాడు, ఊరు చూస్తోంది. పాప తలెత్తి నాయన గడ్డం కేసి చూస్తోంది. అందరికీ తెలుసు, బడి పోతే ఈ పిల్ల గొర్రెల వెంట పోతుందని. ఆయన మైకుకు దగ్గరగా వచ్చి, సంజాయిషీ చెప్పుకునే మనిషిలాగా, "నా మోకాళ్ళు…" అన్నాడు. మైకులో తన గొంతు తనకే వినిపించి ఆగిపోయాడు.

భాయ్ పొద్దున్నుంచి చదువుతూనే ఉన్నాడు. నోరు దాని దారిన అది పోతోంది. "గొర్రెలాయన!" అన్నాడు. "మోకాళ్ళు! రెండు!"

 మా ఆయన కిందికి, తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

"అట్ల కాదు భాయ్, నేను అనబోయింది…"

"అయిపోయినాది" అంది మా అత్త. "చదివినారు. ఇంక ఆ మోకాళ్ళు పాపవి. అది యాడికి పొమ్మంటే ఆడికి పోవల్ల."

మా ఆయన నా కూతురి వైపు తిరిగి, నిజంగానే అడిగాడు. "ఏం చెయ్యమంటావు పాపా?"

"గొర్రెలెంబడి నువ్వే పో నాయనా. నేను బడికి పోతా."

"రోడ్డు అవతలికైనా?"

"ఈడికే" అంది పాప, ఆఫీసరు వైపు చూస్తూ.

మా ఆయన తల ఊపాడు. మైకులో చదివినదాన్ని ఆయన మాత్రం ఎట్లా దాటతాడు? నా కళ్ళు మండాయి. ఉల్లిగడ్డలు అనుకున్నాను. అప్పటికి కోసేవి అయిపోయి చాలాసేపయింది.

అక్కడితో అయిపోతుందనుకుంటే భాయ్ నా వైపు తిరిగాడు. "తల్లిది?"

"ఉగ్గాని చేస్తాండా కద భాయ్."

"అది ఊరందరికీ అక్కా. పాపకు ఏం?"

అందరూ పక్కన కూర్చుంటామన్నారు, చెప్పిస్తామన్నారు. నేను పక్కన కూర్చుంటే ఏం లాభం? పుస్తకం తలకిందులుగా ఉన్నా నాకు తెలియదు. చేతిలో గంటె తప్ప ఏమీ లేదు. "నేనూ వస్తా" అన్నాను.

"యాడికి?"

"బడికి. పొయ్యి మీద పెట్టేసి వచ్చి కూర్చుంటా. నేర్చుకుంటా."

భాయ్ మాటల కోసం వెతుక్కోవడం నేను చూసింది అదొక్కసారే. మైకు గోకాడు. ఊదాడు. చివరికి, "తల్లి!" అన్నాడు. "తల్లే! ఒకటో తరగతి!"

జనం ఎంత నవ్వారంటే, సగం ఎక్కం పిల్లవాడు కూడా తన బాధ మరచిపోయాడు. మా అత్త అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వి, "చదివినారు కదా మే. ఇంక తప్పదు" అంది.

ఆఫీసరు వరసలో నేల మీద కూర్చుని ఉగ్గాని తిన్నాడు. రెండోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని సారును పిలిచాడు. నేను చెంబు పట్టుకుని అక్కడే ఉన్నాను. "తరగతులు ఎక్కడికీ కదలవు. నేను చెబుతాను" అన్నాడు. "కానీ ఈ ఫోటోలు పంపితే పైవాళ్ళు నమ్మరయ్యా."

"ఈసారి చీరలు వేరు వేరుగానే ఉన్నాయి సార్" అన్నాడు సారు.

ఆయన నవ్వాడు. మెడలో తువ్వాలుతో, చేతిలో వక్కాకుతో, నుదుట బొట్టుతో జీపు ఎక్కాడు. మా అత్త జీపు దాకా పోయి, "పెండ్లి ఎప్పుడో మల్ల చెప్పి పంపండప్పా" అంది.

మరుసటి రోజు పొద్దున మా ఆయన మోకాళ్ళకు ఆముదం రుద్దుకుని, కర్ర తీసుకుని, "పాపా, నీ మోకాళ్ళు తీసకపోతాండా" అని చెప్పి మంద వెంట పోయాడు. నేను కూతురితో కలిసి బడికి పోయాను. కానుకగా వచ్చిన గోడ గడియారాలన్నీ సారు వరసగా తగిలించాడు. ఒక్కొక్కటి ఒక్కో సమయం చూపిస్తోంది. గొర్రెపిల్లను వరండా స్తంభానికి కట్టారు. అది గోడకు అంటించిన బొమ్మల కాగితాన్ని అందినంత మేర తినేసింది.

పప్పు పొయ్యి మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఒకటో తరగతి వరస చివర కూర్చున్నాను. పక్కనున్న పాప జరిగి చోటిచ్చి, "మీ పలక యాడ?" అంది. లేదన్నాను. తన పలక మధ్యలో గీత గీసి, చిన్న సగం నాకిచ్చింది. గదికి అటు పక్కన మూడో తరగతిలోంచి నా కూతురు మెడ చాచి నన్ను చూస్తూ ఉంది, ఇన్నాళ్ళూ వంటగదిలోంచి నేను దాన్ని చూసినట్టే. సారు నా చెయ్యి పట్టకుండా, బలపాన్ని మాత్రం పట్టుకుని 'అ' ఒకసారి చుట్టించాడు. రెండోసారి నన్నే చుట్టమన్నాడు. సగం పలకలో అది పట్టలేదు. తోక పాప సగంలోకి పోయింది. పాప గీత తుడిచి కాస్త అవతలికి గీసింది.

అప్పుడు సారు ముక్కు ఎగబీల్చి, "అమ్మా, పప్పు" అన్నాడు.

నాకూ వాసన వచ్చింది. "వస్తాండా సార్" అని, చేతిలో ఉన్న 'అ' పూర్తిగా చుట్టి, అప్పుడు లేచి వంటగదికి పోయాను.